గంజాయి మీద పరిశోధనంటే మనకు భయమెందుకు?

గంజాయి అన్న మాట మన ఇళ్లలో రెండు రకాలుగా వినబడుతుంది. పెద్దవాళ్ల నోట అయితే ‘తౌబా’ అన్న మాటతో కలిసి వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. కుర్రాళ్ల నోట అయితే గుసగుసగా, నవ్వుతో కలిసి వస్తుంది. ఈ రెండింటి మధ్య తెలిసి మాట్లాడే మాట మాత్రం వినబడదు. పెద్దలు పరువు కోసం నోరు మూసుకుంటే, ఆ ఖాళీని చబూత్రా మీద కూర్చున్నవాడు నింపుతున్నాడు.

కొన్నేళ్లుగా ఆ చబూత్రా మీది మాట కూడా మారింది. ఇదివరకు ‘ఒక్కసారి తాగి చూడు, ఏమీ కాదు’ అనేవారు. ఇప్పుడు ‘ఇది మందు, అమెరికాలో యూనివర్సిటీలే దీనిమీద పనిచేస్తున్నాయి’ అంటున్నారు. ఛత్రినాకలో పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పే నన్నే ఒక కుర్రాడు ఫోన్ చూపించి అడిగాడు: ‘సార్, హరామ్ అంటారు కదా, మరి అంత పెద్ద యూనివర్సిటీలో దీనికోసం ఒక కేంద్రమే ఎందుకు పెట్టారు?’ అతను వెటకారానికి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. అటువంటి ప్రశ్నకు ‘లాహౌల్’ చదివి పంపించేయడం జవాబు కాదు. ఆ కేంద్రాలు అసలు ఏం చెబుతున్నాయో చదివి, విప్పి చెప్పాలి.

చదివిన తర్వాత నాకు కలిగిన అభిప్రాయం ఇది. ఆ పరిశోధనకు మనం భయపడవలసిన పని లేదు. అటువంటి పరిశోధన మన ఊళ్లో లేకపోవడానికి భయపడాలి. హైదరాబాదులో, పాతబస్తీ గల్లీలకు చేరువలో, మన వైద్య కళాశాలల ఆధ్వర్యంలో అలాంటి కేంద్రం ఒకటి ఉండాలి.

ఈ విషయం మనకు పరాయిదేమీ కాదు. 1248లో డమాస్కస్‌లో మరణించిన ఇబ్ను బైతార్ మూలికల మీద రాసిన తన మహాగ్రంథంలో, ఈజిప్టు తోటల్లో పెంచే భారతీయ గంజాయి మొక్కను వర్ణించాడు. కొద్ది మోతాదుకే మత్తెక్కిస్తుందని, మితిమీరితే మతి చెడుతుందని రాశాడు. 15వ శతాబ్దిలో ఇబ్ను బద్రీ అనే రచయిత బాగ్దాదుకు సంబంధించిన ఒక ఉదంతం చెప్పాడు. ఖలీఫా కొలువులోని ఒక పెద్ద ఉద్యోగి కుమారుడు జహీరుద్దీన్‌కు మూర్ఛ వ్యాధి ఉండేది. ఎవరో ఈ ఆకు తినిపించారు. మూర్ఛ పూర్తిగా తగ్గింది. కానీ ఆ తర్వాత అతను ఆ ఆకు లేకుండా ఒక్క గడియ ఉండలేకపోయాడట.

ఈ రెండు వాక్యాల కథను నేను చాలాసార్లు తలచుకున్నాను. మందు పనిచేసింది, మనిషి బానిస అయ్యాడు. రెండూ నిజమే. మొదటి సగాన్ని చబూత్రా కుర్రాడు చెబుతాడు, రెండో సగాన్ని మనం చెబుతాం. కథ మొత్తం ఒకచోట చెప్పేవాడు ఒక్కడూ దొరకడు.

మన దేశంలో కథ మొత్తం చెప్పడానికి మొదట ప్రయత్నించినవాడు ఒక ఐర్లండు దేశస్థుడు. కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడు విలియం ఓషానసీ. ఈ దేశంలో తంతి తీగలు వేయించిన పేరు కూడా తర్వాత ఆయనకే దక్కింది. 1839లో గంజాయి మీద తన పరిశీలనలను ప్రకటించాడు. ఆయన చేసిన మొదటి పని, ఈ ఆకు గురించి ముందే తెలిసినవారిని అడగడం. హుగ్లీ ఇమాంబాడా ముతవల్లీ సయ్యద్ కరామత్ అలీని అడిగాడు. టెహ్రాన్ నుంచి వచ్చిన ఒక హకీమ్‌ను అడిగాడు. ఏషియాటిక్ సొసైటీ పండితుడు కమలాకాంత విద్యాలంకారుణ్ణి అడిగాడు. వారి పేర్లన్నీ తన రచనలో కృతజ్ఞతతో రాసుకున్నాడు. తర్వాత జంతువులకు ఇచ్చి చూశాడు, ఆ తర్వాతే రోగులకు ఇచ్చాడు. నలభై రోజుల పసికందుకు వస్తున్న ఫిట్స్ ఈ మందుతో ఆగాయని రాశాడు. పిచ్చికుక్క కరిచిన రోగికి బాధ మాత్రం తగ్గింది, ప్రాణం దక్కలేదని కూడా రాశాడు. గెలుపును రాసిన చేత్తోనే ఓటమినీ రాయడం వల్లనే ఆయన మాటకు విలువ వచ్చింది.

ఆ తర్వాత యాభై ఏళ్లకు గంజాయి వల్ల దేశంలో పిచ్చివాళ్లు పెరిగిపోతున్నారని బ్రిటిషు పార్లమెంటులో గోల మొదలైంది. 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. 1,193 మంది సాక్షుల వాంగ్మూలాలు తీసుకుని 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదని, నిషేధం వద్దు, పన్నులతో అదుపు చేయండని సలహా ఇచ్చింది. ఈ నివేదికను గంజాయి అభిమానులు ఈనాటికీ తలకెత్తుకుంటారు. ఆ సలహాతో నాకు ఏకీభావం లేదు. నూట ముప్పై ఏళ్ల నాటి ఊరు వేరు, నేటి సరుకు వేరు. కానీ ఆ కమిషన్ పనిలో ఒక భాగం మాత్రం ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి ఇమామూ తెలుసుకోదగ్గది.

కమిషన్ సభ్యులు పిచ్చాసుపత్రుల రిజిస్టర్లను తెరిచి చూశారు. 1892 సంవత్సరంలో 222 మంది రోగుల పేర్ల పక్కన జబ్బుకు కారణం గంజాయి, చరస్, భంగు అని రాసి ఉంది. ఆ కారణం ఎవరు రాశారు, ఎలా తెలిసి రాశారు అని ఒక్కొక్కటే తవ్వారు. చాలా సందర్భాల్లో రోగిని తెచ్చిన పోలీసు ఏదో చెప్పాడు, గుమాస్తా అదే రాసేశాడు. గడి ఖాళీగా ఉండకూడదు కదా! విచారించిన మీదట 222లో 98 మాత్రమే నిలిచాయి. ఆ 98లో కూడా అన్నింటికీ గంజాయి ఒక్కటే కారణం కాదు. దేశమంతా నమ్మిన ఒక అంకె సగానికి సగం కూలిపోయింది.

ఇప్పుడు మన గల్లీకి వద్దాం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉన్నట్టుండి తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెడతాడు. రాత్రుళ్లు నిద్రపోడు, తల్లి వండిన అన్నంలో విషం కలిపారంటాడు. ఇంట్లోవాళ్లు ‘అసర్ అయింది’ అని ఆమిల్ దగ్గరికి తీసుకుపోతారు. పక్కింటివాళ్లు ‘గంజాయి తాగి ఉంటాడు’ అంటారు. పోలీసు కూడా అదే అంటాడు. నిజానికి గంజాయి వల్లనే జబ్బు వచ్చిందా, జబ్బు మొదలయ్యాక మనశ్శాంతి కోసం గంజాయి పట్టాడా, లేక గంజాయి ముట్టనే లేదా? 1892 నాటి గుమాస్తా లాగానే మనమూ ఖాళీ గడిని ఏదో ఒక మాటతో నింపేస్తున్నాం. ఆ కుర్రాడికి అవసరమైన వైద్యం మాత్రం ఆర్నెల్లో ఏడాదో ఆలస్యమవుతుంది. జబ్బు మొదలైన తొలి నెలల్లో వైద్యం అందితే ఎంతో మేలని మానసిక వైద్యులు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నారు. మనకు ఆ నెలలు తావీజుల్లో పోతున్నాయి.

విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఏం జరుగుతున్నదో ఇక చూద్దాం. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో మెషూలమ్ అనే రసాయన శాస్త్రవేత్త సహచరులతో కలిసి దాన్ని విడదీశాడు. పరిశోధనకు సరుకు ఎక్కడ దొరుకుతుంది? పోలీసులు పట్టుకున్న హషీషునే అడిగి తెచ్చుకున్నాడు. అదే మొక్కలో సీబీడీ అనే మరో పదార్థం ఉంది. అది మత్తెక్కించదు. 1992లో ఆయన బృందమే మరో సంగతి కనిపెట్టింది. టీహెచ్‌సీ మెదడులో ఏ తాళంలో దూరుతుందో, ఆ తాళానికి సరిపోయే చెవిని మెదడు తానే తయారుచేసుకుంటుంది. మనకు బాగా తెలిసిన ‘ఆనందం’ అన్న మాట నుంచే దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. మనిషికి కావలసిన సంతోషానికి సృష్టికర్త లోపలే ఏర్పాటు చేసిపెట్టాడు. పుడియా కొనేవాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం 1968 నుంచి ప్రభుత్వ ఒప్పందం మీద పరిశోధన కోసం గంజాయి పండిస్తోంది. 2021 వరకూ ఆ దేశంలో పరిశోధకులకు చట్టబద్ధంగా దొరికే సరుకు అదొక్కటే. ఆ పనిని దశాబ్దాలుగా నడిపించినవాడు ఈజిప్టులో పుట్టి, కైరో విశ్వవిద్యాలయంలో చదివిన మహమూద్ అల్‌సోహ్లీ. ఆయన ప్రయోగశాల చేసే మరో పని నాకు ఎక్కువ నచ్చింది. పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ ఎంత శాతం ఉందో ఏటా కొలుస్తారు. 1995లో అది 4 శాతం దగ్గర ఉండేది. 2014 నాటికి 12 శాతానికి చేరింది. అంటే ‘మా తాతలు కూడా తాగారు, ఏమైంది’ అనేవాడికి అంకెతో జవాబు దొరికింది. తాత తాగిన సరుకు ఇది కాదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2000లో శాన్ డియాగోలో వైద్య గంజాయి పరిశోధనా కేంద్రం తెరిచింది. హెచ్‌ఐవీ రోగులకు వచ్చే భరించలేని నరాల నొప్పి మీద అక్కడి ప్రయోగాలు మొదలయ్యాయి. ఆస్ట్రేలియాలో ఒక తాత, నాయనమ్మ తమ మనవరాలికి వచ్చిన మొండి మూర్ఛ చూసి తట్టుకోలేక 2015లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి 3 కోట్ల 37 లక్షల డాలర్లు ఇచ్చారు. లాంబర్ట్ పేరుతో అక్కడి కేంద్రం అలా పుట్టింది. విద్యాదానం అంటే మనకు బోర్‌వెల్ మీద, ఫ్యాను మీద పేరు రాయించుకోవడమే గుర్తొస్తుంది. పోనీలెండి, ఆ సంగతి మరోసారి.

ఆ మొండి మూర్ఛకు డ్రావే అని పేరు. పసితనంలోనే మొదలై మామూలు మందులకు లొంగదు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో 120 మంది పిల్లలను, యువకులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు శుద్ధి చేసిన సీబీడీ, రెండో జట్టుకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి ద్రవం. ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. సీబీడీ జట్టులో నెలకు సుమారు 12 సార్లు వచ్చే ఫిట్స్ 6కు తగ్గాయి. రెండో జట్టులో 15 ఉన్నవి 14 అయ్యాయి. 2018 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. మగత, విరేచనాలు, కాలేయం మీద ప్రభావం ఉంటాయనీ అందులోనే రాసింది. బాగ్దాదు జహీరుద్దీన్ మూర్ఛకు జవాబు దొరకడానికి ఇంత కాలం పట్టింది. ఈసారి మత్తును మందు నుంచి వేరుచేసి ఇచ్చారు.

మా వీధిలో జరీ పని చేసుకునే కుటుంబం ఒకటుంది. వారి ఆరేళ్ల బాబుకు మిర్గీ. చికాగోలో ఉన్న బంధువు ఒకరు సీబీడీ నూనె సీసా పంపారు. ఆ తల్లి సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చి, ‘మౌల్వీ సాబ్, ఇది బిడ్డకు పోయొచ్చా, గునా అవుతుందా?’ అని అడిగింది. ఆమె అడిగింది ఒక్క ప్రశ్నే గానీ, అందులో రెండున్నాయి. గునా సంగతి తర్వాత, ముందు ఆ సీసాలో ఏముంది? అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 రకాల సీబీడీ సీసాలను కొని పరీక్షించి 2017లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. పైన రాసినంత మందు లోపల ఉన్నవి 26 మాత్రమే. 18 సీసాల్లో మత్తు పదార్థం టీహెచ్‌సీ కూడా కనిపించింది. ఆ సీసా పక్కన పెట్టించి, ఆమెను నరాల వైద్యుడి దగ్గరికి పంపాను. బాబుది ఆ రకం మూర్ఛ కాదని ఆయన తేల్చాడు. ఖర్చుకు వెనుకాడి మధ్యమధ్యలో మానేస్తున్న పాత మాత్రలనే ఒక్కరోజూ తప్పకుండా వేయమన్నాడు. వాట్సాప్‌లో వచ్చిన కబురుకు, వైద్యుడు చెప్పినదానికి ఉన్న తేడా ఇది.

ఇక గునా సంగతి. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమని, ఎక్కువగా తీసుకుంటే మత్తెక్కించేది కొద్దిగా తీసుకున్నా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఈ విషయంలో ఉలమాల్లో భేదాభిప్రాయం లేదు. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై) హషీషును ఎంత తీవ్రంగా ఖండించారో చదివినవారికి తెలుసు. ఇమామ్ జర్కషీ (రహ్మలై) దాని నిషేధం మీద ప్రత్యేక గ్రంథమే రాశారు. అయితే జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని చెప్పింది కూడా ప్రవక్తే (స). మద్యంలో, జూదంలో ప్రజలకు కొన్ని లాభాలున్నాయని, నష్టం లాభం కన్నా పెద్దదని దివ్య ఖురాన్ స్వయంగా తూచి చెప్పింది. అంటే లాభం ఉందని ఒప్పుకోవడం వేరు, వాడకానికి అనుమతి వేరు. గత్యంతరం లేనివానికి హద్దు మీరనంతవరకు సడలింపు ఉందన్నదీ ఖురాన్ బోధే. హనఫీ ఫిఖహ్ గ్రంథాల్లో, అల్లామా ఇబ్నె ఆబిదీన్ వంటి వారి రచనల్లో, మత్తు కోసం వాడటాన్నీ, మత్తెక్కని మోతాదులో మందుగా వాడటాన్నీ విడదీసే చూశారు. 1995లో కువైట్‌లో ఉలమాలు, వైద్యులు కలిసి కూర్చున్న సదస్సు కూడా మాదకద్రవ్యాలు నిషిద్ధమని చెబుతూ, నిర్దిష్టమైన వైద్యానికి, వైద్యులు నిర్ణయించిన మోతాదులో అయితే వేరని అభిప్రాయపడింది. మత్తే లేని శుద్ధ సీబీడీ విషయంలో ప్రశ్న ఇంకా తేలికవుతుంది. తుది మాట మీ ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. కానీ గమనించండి, ముఫ్తీ సాహెబ్ జవాబు చెప్పడానికి ముందు వైద్యుణ్ణి రెండు సంగతులు అడుగుతారు: ఇది నిజంగా పనిచేస్తుందా? వేరే మందు లేదా? ఈ రెండింటికీ జవాబు పరిశోధన నుంచే రావాలి. కాబట్టి పరిశోధన లేకపోతే ఫత్వా కూడా గాలిలోనే ఉంటుంది.

నాకు ఫోన్ చూపించిన కుర్రాడికి ఈ కేంద్రాలు చెప్పే రెండో మాట కూడా చెప్పాలి. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,570 మంది యువకులను పదిహేనేళ్లు గమనించి 1987లో ఫలితం ప్రకటించారు. అప్పటికే యాభైసార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రీనియా, ముట్టనివారితో పోలిస్తే ఆరు రెట్లు కనిపించింది. 2019లో యూరప్‌లోను, బ్రెజిల్‌లోను కలిపి 11 చోట్ల జరిగిన అధ్యయనంలో, గాఢమైన సరుకు రోజూ తాగేవారికి మతి చెడే జబ్బు వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లని తేలింది. తాగిన ప్రతివాడికీ పిచ్చి పట్టదు, నిజమే. ఎవరికి పడుతుందో ముందుగా చెప్పగలిగినవాడు కూడా ఎవడూ లేడు. 2017లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు పది వేలకు పైగా పరిశోధన సారాంశాలను జల్లెడ పట్టాయి. పెద్దవాళ్ల దీర్ఘకాల నొప్పికి, కేన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు, ఒక రకం నరాల జబ్బులో కండరాలు బిగుసుకోవడానికి గంజాయి మందులు పనికొస్తాయన్నాయి. మతిభ్రంశానికి, వాహన ప్రమాదాలకు, గర్భిణి తాగితే తక్కువ బరువుతో పుట్టే బిడ్డలకు గంజాయితో గట్టి సంబంధం ఉందనీ ఆ నివేదికే చెప్పింది. ‘యూనివర్సిటీ చెప్పింది’ అనేవాడు యూనివర్సిటీ చెప్పినదంతా వినాలి గదా!

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పరిశోధన వెనుక వ్యాపారం నిలబడితే అంకెలు కూడా అటే మొగ్గుతాయి. థాయిలాండ్ 2022 జూన్‌లో మందు పేరు చెప్పి గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది. వీధి వీధికీ దుకాణం వెలిసింది. 2025 జూన్‌లో మళ్లీ వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తగ్గింది. మందు తలుపు తెరిస్తే దాని వెనుక మత్తు దూరకుండా చూసే కాపలా ముందే ఉండాలి. అందుకే కేంద్రం ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ కళాశాలలోనే ఉండాలంటున్నాను.

మన చట్టం దీనికి అడ్డమా అంటే, కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిషేధిస్తూనే, వైద్య, శాస్త్రీయ అవసరాలను మినహాయించింది. మొక్క పెంపకానికి అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. జమ్మూలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ లైసెన్సు తీసుకుని ఈ మొక్కను పెంచుతూ నొప్పి మందుల మీద పనిచేస్తోంది. 2020 డిసెంబర్ 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘంలో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన జాబితా నుంచి తీసేయాలన్న తీర్మానం 27–25 ఓట్లతో నెగ్గింది. దానికి అనుకూలంగా ఓటేసిన దేశాల్లో భారతదేశం ఒకటి. వైద్య పరిశోధనకు దారి తెరవడం దాని ఉద్దేశం. జమ్మూ దాకా వచ్చిన దారి హైదరాబాదుకు రాకూడదా?

వస్తే మన దగ్గర పని తక్కువ లేదు. గంజాయి మనకు ఆంధ్రా–ఒడిశా సరిహద్దు మన్యం నుంచి వస్తుంది. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని ఒకచోట పోసి తగలబెట్టారు. 2024లో మన ధూల్‌పేటలో ఎక్సైజు శాఖ ప్రత్యేక దాడులు నడిపింది. పట్టుకోవడం పోలీసుల పని, దాన్ని తప్పుపట్టను. కానీ పట్టుకున్నది ఎన్ని కిలోలో మనకు తెలుస్తోంది, తాగుతున్నది ఎందరో తెలియడం లేదు. ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. భంగు, గంజాయి, చరస్ కలిపి 3 కోట్ల 10 లక్షల మంది వాడుతున్నారని, వారిలో దాదాపు 72 లక్షల మందికి చికిత్స, సహాయం అవసరమని చెప్పారు. అది దేశానికి లెక్క, రాష్ట్రాలకు లెక్క. గౌలిపురాకు, ఉప్పుగూడకు, శాలిబండకు, ఛత్రినాకకు అందులో లెక్క లేదు. ఎనిమిదో తరగతిలోనే మొదలవుతున్నదా, బడి మానేశాక మొదలవుతున్నదా? ఒంటరిగా తాగుతున్నారా, మాత్రలతో కలుపుతున్నారా? రాత్రి పనులకు పోయే కుర్రాళ్లలో ఎక్కువా? ఉపాధ్యాయుడిగా నాకు అనుమానాలున్నాయి గానీ, అంకెలు లేవు. అనుమానంతో పాఠం చెప్పలేం.

ఒక మందు గుణదోషాలు తేల్చడానికి ప్రపంచమంతా హైదరాబాదు వైపు చూసిన కాలం ఒకటుంది. 19వ శతాబ్దిలో క్లోరోఫాం ఇచ్చి ఆపరేషన్ చేస్తుండగా రోగులు చనిపోయేవారు. గుండె ఆగి చనిపోతున్నారా, శ్వాస ఆగి చనిపోతున్నారా అన్నది పెద్ద వివాదం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్ నడిపాడు. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ నిపుణుణ్ణే పంపండి, ఇక్కడే చూడమనండి అన్నారు. డాక్టర్ లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. 1889లో రెండో కమిషన్ వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసే, గుండెకు భయం లేదని తేల్చింది. అది పూర్తిగా సరికాదని, గుండె లయ తప్పి కూడా మరణం రావచ్చని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. ఆ ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది, తర్వాత ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. కమిషన్ తీర్పు నిలవకపోయినా, ప్రశ్నను బహిరంగంగా పరీక్షకు పెట్టిన ఊరు ఇది. తప్పు తేలడానికి కూడా ఆ కాగితాలే ఆధారమయ్యాయి.

అటువంటి ఊళ్లో నేడు సాధనాలకు కొదవలేదు. ఉస్మానియా వైద్య కళాశాల ఉంది. నిమ్స్ ఉంది. ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది, ఆ చేరువలోనే కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ ఉంది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల ఉంది. భంగు కలిసిన మాజూన్ల వివరాలు యునానీ గ్రంథాల్లో ఉన్నాయి. ఆ మాజూన్లలో ఏది పనిచేస్తుంది, ఏది ఉత్త నమ్మకం, ఏది హాని చేస్తుంది అన్నది మన హకీములే వైద్యులతో కలిసి తేల్చాలి. ఓషానసీ హకీమ్‌ను అడిగాడు, నేటి హకీమ్ ప్రయోగశాలను అడగాలి. మిసిసిపీలో లాగా పట్టుబడిన సరుకు గాఢతను ఏటా కొలిచి పత్రికలకు చెప్పాలి. ఎర్రగడ్డకు వచ్చే యువకుల్లో ఎందరు గంజాయి తాగారో, జబ్బుకు ముందా తర్వాతా అన్నది ఓపికగా అడిగి రాయాలి.

దీనికి మనవాళ్లే ఒక అభ్యంతరం చెబుతారని నాకు తెలుసు. ‘పాతబస్తీలో సర్వే అంటే మళ్లీ మన పిల్లల మీదే ముద్ర వేస్తారు’ అని. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మా వీధి కుర్రాడు అద్దె ఇల్లు అడిగితే, ఉద్యోగం అడిగితే, చిరునామా చూడగానే మొహం మారిపోవడం నేను చూశాను. అందుకే సర్వే ఊరంతటికీ జరగాలి. ధూల్‌పేటలో ఎలా అడుగుతారో జూబ్లీహిల్స్‌లోనూ అలాగే అడగాలి. ఛత్రినాకలోనే లాల్‌దర్వాజా వైపు హిందూ సోదరుల ఇళ్లు, మన ఇళ్లు గోడకు గోడగా ఉన్నాయి. పుడియా అమ్మేవాడు ఏ ఇంట్లోనూ మతం అడగడు. పేరు, చిరునామా రాసుకోకుండా అడగాలి, ఆ కాగితం పోలీసు స్టేషన్‌కు పోదని రాతపూర్వకంగా చెప్పాలి. అయితే ముద్ర పడుతుందని లెక్కే వద్దంటే, ముద్ర పోదు. లెక్క లేనిచోట ఎవడికి తోచిన అంకె వాడు చెబుతాడు.

తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన సంగతి. ఈ అలవాటులో పడిన పిల్లవాడు తానుగా వచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చికిత్సాలయంలో చేరితే, కేవలం వాడకానికో, కొద్దిపాటి సరుకుకో సంబంధించిన కేసులో షరతులకు లోబడి శిక్ష నుంచి రక్షణ ఇచ్చే నిబంధన ఆ చట్టంలోనే ఉంది. 64–ఎ అంటారు. చాలామంది తండ్రులకు ఇది తెలియక కొడుకును గదిలో పెట్టి తాళం వేస్తున్నారు, లేదా దుబాయి పంపేస్తున్నారు. అక్కడి చట్టం ఇంకా కఠినం. 14446 అనే నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. మనసుకు సంబంధించిన జబ్బయితే 14416.

సర్వేకు వచ్చే వైద్య విద్యార్థులకు కూడా ఒక మాట. ప్రశ్నపత్రంలో ‘కానబిస్’ అని, ‘మాదకద్రవ్య దుర్వినియోగం’ అని రాసుకుని రావద్దు. మా పిల్లలకు ఆ మాటలు అర్థం కావు, అర్థమైనా ‘నహీఁ సాబ్’ అనే అంటారు. వాళ్ల నోట్లో అది ‘మాల్’, ‘పుడియా’. ఉర్దూ, దక్కనీ మాటల్లో ప్రశ్నలు కావాలంటే నేను రాసిపెడతాను. సాయంత్రం అసర్ తర్వాత మా బడి గదులు ఖాళీగానే ఉంటాయి.